పరుపులో దాచిన షరతుల కాగితం

నా నడుం నొప్పికి డాక్టరు గారు చెప్పిన వైద్యం విని మా నాన్న ముఖం వెలిగిపోయింది. "ఆ స్పాంజి పరుపు తీసేయండమ్మా, గట్టి దూది పరుపు మీద పడుకోండి" అన్నారాయన. నాన్నకి ఎనభై దాటాయి. ఫోను మోగినా, కుక్కరు కూసినా వినపడదు గానీ, దూది అన్న మాట మాత్రం వీధి చివర ఎవరన్నా వినపడుతుంది. ఒకప్పుడు పాత గుంటూరులో దూదేకుల సైదులు అంటే తెలియని ఇల్లు లేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. ఎవరింటికి తీసికెళ్ళినా ముందు సోఫా మీది దిండు నొక్కి చూసి, "స్పాంజి" అని పెదవి విరుస్తాడు. ఇంటివాళ్ళు మంచినీళ్ళు తెచ్చేలోపే నా పరువు పోతుంది. ఊరందరికీ దిళ్ళు కుట్టిన ఈ మనిషి తను మాత్రం తువాలు నాలుగు మడతలు పెట్టుకుని దాని మీద పడుకుంటాడు. దిండు పెట్టుకుంటే మెడ పట్టేస్తుందని నేను యూనివర్సిటీలో చదివే రోజుల నుంచీ చెబుతున్నాడు. మేమూ అదే నమ్ముతూ వచ్చాం.

అటక మీద నా హాస్టలు పరుపు ఉంది. దాన్నే విప్పి, ఏకించి, కొత్త గుడ్డలో కుట్టిద్దామనుకున్నాను. మా చిన్నాన్న కొడుకు బాజీ ఇప్పటికీ ఊరి చివర దూది ఏకే మిషను నడుపుతున్నాడు. ఆటో తెచ్చి పరుపు పట్టుకెళ్ళాడు. రెండో రోజు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు, చేతిలో చిన్న గుడ్డమూటతో. పరుపులో ఏం దొరికినా మూటగట్టి సొంతదారుకి ఇవ్వడం మా వాళ్ళ ఆనవాయితీ. మూటలో తుప్పు పట్టిన రెండు హెయిర్ పిన్నులు, ఒక గాజు ముక్క, నాలుగు వైపులా కుట్టేసిన చారల గుడ్డ సంచి ఒకటి ఉన్నాయి. సంచి అరచెయ్యంత ఉంది.

"ఇది పరుపుగుడ్డకి లోపలి వైపు కుట్టేసి ఉందక్కా. నేను విప్పలేదు" అన్నాడు బాజీ. "ఇంకోటి. నీ పరుపులో రెండు రకాల దూది ఉంది. మామూలు పత్తిలో బూరుగు దూది కలిసింది. విడదీయమంటావా, అట్టానే ఏకెయ్యమంటావా?"

"మా నాన్న కుట్టిన పరుపురా అది. ఆయన కలుపుతాడా?"

"అదేగా నేనూ అనేది. పెదనాన్న కలపడు. మరి ఎట్టా కలిసిందో?" అని తల గోక్కున్నాడు. సాయంత్రానికి చెబుతానని పంపేశాను. తర్వాత కూరగాయల కత్తి మొనతో ఆ సంచి కుట్లు తెంపాను. లోపల ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఉంది. మడత మడతకీ ముక్కలవుతున్న ఆ కాగితాన్ని డైనింగ్ టేబులు మీద పరిచి చూసేసరికి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పైన ఇంగ్లీషులో "బయోఇన్ఫర్మాటిక్స్ పరిచయం: విద్యార్థికి ఉండవలసిన అర్హతలు, విద్యార్థి నుంచి ఆశించేవి" అని టైపు చేసి ఉంది. కింద మూలన ఎర్ర సిరాతో ఆ కోర్సు చెప్పిన సుగుణ మేడమ్ చేతిరాత, "షేక్ మీరాబీ. షరతు మీద. మూడు అసైన్‌మెంట్లలో రెండు పాసైతేనే కొనసాగాలి." ఆ కాగితం ఎప్పుడో మిషన్లో పడి పిండైపోయిందని నేను ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను.

ఈ సంగతి అర్థం కావాలంటే మా ఇల్లు తెలియాలి. రెండు గదులు, ముందు పెద్ద వసారా. వసారా అంతా దూదే. అన్నంలో దూది, జడలో దూది, మా జేజి, అదే మా నాన్నమ్మ, నమాజు చాప మీద దూది. స్కూలుకి వెళ్ళేముందు అమ్మ మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి తడిగుడ్డతో తుడిచేది. అయినా క్లాసులో ఎవరో ఒకరు నా వీపు మీది పీచు తీసి ఊదేవాళ్ళు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. మా జేజి దువా కూడా సగం తెలుగులోనే చేసేది, అల్లాకి అన్ని భాషలూ వచ్చని ఆవిడ ధీమా. పొద్దున్నే నాన్న విల్లు పట్టుకుని దూది ఏకుతుంటే టంయ్ టంయ్‌మని మోగేది. తర్వాత కరెంటు మిషను వచ్చింది, ఆ చప్పుడుకి ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడే అలవాటొచ్చింది. ఇప్పటికీ నేను మైకు లేకుండానే క్లాసు చెబుతాను.

విప్పిన ప్రతి పరుపుకీ ఒక వాసన ఉండేది. కొబ్బరినూనె వాసన వస్తే ముసలివాళ్ళది. వాము, ఉగ్గు, పసిపిల్లల ఉచ్చ కలిసి వస్తే బాలింతది. నాన్న ముక్కు దగ్గర పెట్టుకోకుండానే చెప్పేవాడు. మిర్చియార్డులో పనిచేసేవాళ్ళ పరుపు వచ్చిన రోజు మాత్రం వీధి వీధంతటికీ తెలిసిపోయేది. మిషన్లో మొదటి గుప్పెడు వెయ్యగానే ఎర్రటి ధూళి లేచేది. మా జేజి తుమ్మేది, ఎదురింటి పంతులమ్మ గారు తుమ్మేవారు, సైకిలు మీద వెళుతున్న పోస్ట్‌మాన్ దిగి నిలబడి తుమ్మేవాడు. "సైదులూ, ముందే ఒక కేక వెయ్యకూడదటయ్యా" అని పంతులమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ అరిచేవారు. నాన్న ముక్కుకి కట్టిన గుడ్డ తీసి నవ్వేవాడు. ఆ పూట ఇంట్లో కూరలో కారం వెయ్యకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

పని విషయంలో నాన్నకి కొన్ని పట్టింపులు ఉండేవి. పరుపు రాగానే కాటా వేసి బరువు సొంతదారుకి చూపించేవాడు. ఏకాక మళ్ళీ వేసేవాడు. దూది తగ్గకుండా ఉండదు. గింజలు, మట్టి, నుసి పోతాయి. ఆ పోయినదంతా చిన్న గోనెసంచిలో ఎత్తి, పరుపుతో పాటే వాళ్ళింటికి పంపేవాడు. ఇదిగో మీ దూది, ఇదిగో మీ చెత్త అనేవాడు. చెత్త మాకెందుకయ్యా అని విసుక్కున్నా అక్కడ పెట్టే వచ్చేవాడు. అన్నిటికన్నా పెద్ద పట్టింపు, ఒకరి దూదిని ఇంకొకరి దూదితో కలపకపోవడం. మధ్యలో కొంచెం తక్కువ పడినా సరే, పక్క కుప్పలోంచి పిడికెడు తీసేవాడు కాదు. ఎవరి దూది వాళ్ళకే అనేవాడు. చిన్నప్పుడు నేను రెండు కుప్పల మధ్య దొర్లి ఆడుకుంటూ కలిపేస్తే, జీవితంలో ఒకే ఒక్కసారి నా వీపు మీద దెబ్బ పడింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా పీచు పీచు వేరుచేస్తూ కూర్చున్నాం ఇద్దరం.

డిగ్రీలో నాది వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, అదీ తెలుగు మీడియం. ఎమ్మెస్సీ బోటనీలో చేరాను. అందులో ఆ ఏడే కొత్తగా పెట్టిన కోర్సు బయోఇన్ఫర్మాటిక్స్. జీవుల జన్యువుల్లో నాలుగే నాలుగు అక్షరాలు వేల సార్లు వరసగా వస్తాయని, ఆ వరసల్ని కంప్యూటరుతో చదివి ఏ మొక్కకి ఏ మొక్క చుట్టమో చెప్పొచ్చని మొదటిరోజు మేడమ్ చెప్పగానే నాకు దాని మీద మనసు పడింది. కారణం ఏముంది, పరుపు వాసన చూసి అది ఏ ఇంటిదో చెప్పే మనిషి కూతుర్ని. కానీ కాగితం మీద అర్హతలు వేరుగా ఉన్నాయి. ఇంటర్లో లెక్కలు చదివి ఉండాలి. కంప్యూటరు వాడటం వచ్చి ఉండాలి. ఇంగ్లీషులో రిపోర్టు రాయగలగాలి. నాకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆశించేవాటి కింద ఇంకా ఉన్నాయి, ఎవరి పని వాళ్ళే చెయ్యాలి, రోజూ ల్యాబ్ నోట్‌బుక్ రాయాలి, రిపోర్టు రెండు పేజీలు దాటకూడదు, అర్థం కాకపోతే అరగంట సొంతంగా ప్రయత్నించి ఆ తర్వాతే అడగాలి.

సుగుణ మేడమ్ గొంతు మా నాన్న గొంతుకి తీసిపోదు. "లెక్కలు లేవు, కంప్యూటరు ముట్టుకోలేదు. ఏం చూసుకుని వచ్చావమ్మా?" అన్నారు. "చేరాలని ఉంది మేడమ్" అన్నాను. ఆవిడ ఎర్ర పెన్ను తీసి ఆ షరతు రాశారు. అది తప్పితే ఆ కోర్సు వదిలేసి వేరే పేపరు తీసుకోవాలి. వేరే పేపరు తీసుకుంటే ఏం కొంప మునుగుతుందని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. నాకు మాత్రం మునిగినంత పనే. అప్పటికే నాన్న మా వీధిలో అందరికీ, మా అమ్మాయికి కంప్యూటరు చదువులో సీటొచ్చిందని చెప్పేశాడు. ఆయనకి నేనే చెప్పాను, సీటొచ్చిందని. షరతు సంగతి చెప్పలేదు. నాకు సిగ్గనిపించింది. మా ఇంట్లో అబద్ధం అనేది నాతోనే మొదలైందనిపించింది కూడా.

హాస్టల్లో నా పక్క మంచం రమాదేవిది. చిలకలూరిపేట దగ్గర మిరప రైతుల పిల్ల. వాళ్ళమ్మ పంపే పండుమిర్చి పచ్చడి సీసా మా గది మొత్తానికి ఆధారం. మంచిదే గానీ ఏ కాగితం కనపడినా తీసి చదివే అలవాటు ఆమెకి. అందుకని నాన్న కుట్టిన పరుపుకి కాళ్ళ వైపు నాలుగు కుట్లు తెంపి, ఆ కాగితాన్ని లోపలికి దోపి, మళ్ళీ సూదితో కుట్టేశాను. కాగితం కనపడకపోతే షరతు కూడా లేనట్టేనని అనిపించేది. రోజూ దాని మీదే పడుకునేదాన్ని.

కంప్యూటరు ల్యాబ్ బయట చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపల ఏసీ. మండుటెండలో నడిచొచ్చిన కాళ్ళకి ఆ నేల తగిలితే ప్రాణం లేచొచ్చేది. మౌసుని ఎలా పట్టుకోవాలో తెలియక మొదటి వారం రెండు చేతులతో పట్టుకున్నాను. మొదటి అసైన్‌మెంటులో మిరప, టమాటా, వంకాయ, బంగాళాదుంప, పొగాకు, ఈ అయిదు మొక్కల్లో ఒకే జన్యువు వరసలు ఇచ్చి, వాటి చుట్టరికం గీసి చూపించమన్నారు. అన్నిటినీ ఒకే ఫైల్లో పెట్టి ప్రోగ్రాముకి ఇస్తే అదే పోల్చి చెబుతుంది. నేనేం చేశాను? మిరపకి ఒక ఫైలు, టమాటాకి ఒక ఫైలు, అలా అయిదు ఫైళ్ళు చక్కగా వేరువేరుగా చేసి, ఒక్క అక్షరం కూడా ఒకదాన్లోది ఇంకోదాన్లో పడకుండా కాపలా కాసి, ఒక్కోదాన్నే ప్రోగ్రాముకి ఇచ్చాను. పోల్చడానికి రెండోది కావాలని అది గోల పెట్టింది. యంత్రం చెడిపోయిందనుకున్నాను. నా రిపోర్టు మీద మేడమ్ సున్నా చుట్టి, "కలపకుండా ఎలా పోలుస్తావు?" అని రాశారు. రమాదేవి చదివి మంచం మీద పడి నవ్వింది. "ఒసేయ్, ఇవేమన్నా మీ నాన్న దగ్గరికొచ్చిన పరుపులటే?" అంది. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆ రోజు పచ్చడి కూడా సహించలేదు.

రెండో అసైన్‌మెంటు గట్టెక్కాను. అరగంట సొంతంగా ప్రయత్నించి తర్వాత అడగమన్నారు గదా, నేను రెండు గంటలు ప్రయత్నించి అడిగేదాన్ని, మేడమ్ విసుక్కుంటూనే చెప్పేవారు. ఇక మిగిలింది మూడోది. అది పాసైతే ఉంటాను, లేకపోతే లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ముసురు పట్టి, హాస్టలు కిటికీలోంచి జల్లు కొట్టి నా పరుపు సగం తడిసిపోయింది. దసరా సెలవులకి దాన్ని చుట్టి బస్సు పైన వేసుకుని ఇంటికి వచ్చాను. కాగితం బయటికి తీద్దామనే అనుకున్నాను. బస్సు దిగేసరికే నాన్న రిక్షా బండితో ఎదురొచ్చి పరుపు లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను పురికొస తెమ్మని బజారుకి పంపింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి వచ్చేసరికి పరుపు విప్పేసి ఉంది. దూది వసారాలో ఆరబోసి ఉంది. నాన్న నా చేతికి గుడ్డమూట ఇచ్చాడు. అందులో మూడు పిన్నులు, ఒక పెన్సిలు ముక్క. కాగితం లేదు. నాన్న ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. ఏకడం అయ్యాక ఆయన నమాజుకి మసీదుకి వెళ్ళగానే చెత్త సంచిలో రెండు చేతులూ పెట్టి వెతికాను. మోచేతుల దాకా నుసి. ఎంతసేపు వెతికానో, వెనక నుంచి నాన్న గొంతు వినపడింది.

"ఏం వెతుకుతున్నావే?"

"ఏం లేదు నాన్నా. ఎంత చెత్త వచ్చిందో చూస్తున్నా."

"చూడు చూడు. చూడటానికేగా అది ఉంచేది" అన్నాడు. "తీసింది చూపించకపోతే తిన్నామనుకుంటారు."

కాగితం మిషన్లో పడి పోయిందని అప్పుడే తీర్మానించుకున్నాను. కాస్త తేలికపడ్డాను కూడా. కొత్తగా కుట్టిన పరుపు ముందుకన్నా ఎత్తుగా, మెత్తగా ఉంది. ఏకితే పొంగుతుంది గదా అనుకున్నాను. హాస్టల్లో రమాదేవి దాని మీద పడుకుని చూసి, నువ్వు నా మంచం మీదికి వెళ్ళు, నేను ఇక్కడే ఉంటానంది.

మూడో అసైన్‌మెంటుకి మిరప తెగులుని తట్టుకునే జన్యువు వరసలు యాభై దాకా ఒక ఫైల్లో ఇచ్చారు. అందులో పనికిరానివి తీసేసి, మిగిలినవాటి వంశవృక్షం గీయాలి. కొన్ని వరసల్లో సగం దాకా ఎన్ అనే అక్షరమే ఉంది. అక్కడ ఏముందో యంత్రానికి తెలియలేదని అర్థం. కొన్ని మరీ పొట్టివి. అందరూ అవి చెరిపేసి వృక్షం గీశారు. నేనూ గీశాను. రెండు పేజీలు రాశాను. కానీ తీసి పక్కన పెట్టినవాటిని చెరిపేయబోతే చెయ్యి రాలేదు. తీసింది చూపించాలి గదా. తీసేసిన ప్రతి వరసనీ ప్రింటు తీసి, పక్కన ఎందుకు తీశానో తెలుగులో రాసి, ఆ కట్టని పరుపు కుట్టే పురికొసతో కట్టి, పైన "చెత్త" అని రాసి రిపోర్టుతో పాటు ఇచ్చాను. రెండు పేజీలు దాటకూడదన్న మాట ఇచ్చేశాక గుర్తొచ్చింది.

మూడో రోజు మేడమ్ పిలిపించారు. బల్ల మీద నా కట్ట ఉంది.

"ఇదేంటమ్మా?"

"చెత్త మేడమ్."

"అది కనపడుతోంది. నాకెందుకిచ్చావు?"

"మా ఇంట్లో పరుపు ఏకితే, తీసిన చెత్త కూడా పరుపువాళ్ళకి ఇచ్చేస్తాం మేడమ్. ఫైలు మీరిచ్చారు గదా. అందుకని."

ఆవిడ నవ్వలేదు. తిట్టనూ లేదు. పురికొస విప్పారు. ఒక్కో కాగితం తీస్తూ, "ఇదెందుకు తీశావు?" అని అడిగారు. సగం ఎన్‌లే మేడమ్. "ఇది?" పొట్టిది మేడమ్. "ఇది?" ఆ కాగితం పక్కన నేను రాసినది నాకే గుర్తుంది, "పొడవు బాగుంది. ఎన్‌లు లేవు. కానీ ఎవరితోనూ కలవడం లేదు. ఎందుకో తెలియదు." అదే చెప్పాను. మేడమ్ ఆ కాగితం పట్టుకుని తన కంప్యూటరు వైపు తిరిగి ఏదో కొట్టారు. జన్యువు గొలుసుకి రెండు పేటలు ఉంటాయి. రెండో పేటని అటు చివర నుంచి చదివితే అదే సంగతి వేరే అక్షరాల్లో కనపడుతుంది. ఆ వరసని ఎవరో రెండో పేట నుంచి చదివి ఫైల్లో పెట్టేశారు. మేడమ్ దాన్ని తిరగేసి మళ్ళీ పోల్చారు. ఎవరితోనూ కలవనిది కాస్తా మొత్తం గుంపులో మిరప నాటురకానికి అన్నిటికన్నా దగ్గరి చుట్టమై కూర్చుంది.

"నేనూ తీసేశాను దీన్ని" అన్నారు మేడమ్ నెమ్మదిగా. "నా జవాబు కాగితంలో కూడా లేదు." ఆవిడ గొంతు అంత చిన్నగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. మర్నాడు క్లాసులో ఆ మాటే అందరి ముందూ చెప్పారు. ఈ క్లాసులో అందరూ తప్పు చేశారు, నాతో సహా, ఒక్క మీరాబీ తన తప్పుని పారేయకుండా దాచిపెట్టింది కాబట్టి దొరికిందన్నారు. నాకు ఆ మాట సరిగా అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఆ మూడో అసైన్‌మెంటు మీద మార్కుల పక్కన ఎర్ర సిరాతో, "షరతు తీసేశాను. పేజీలు ఎక్కువైనందుకు రెండు మార్కులు కూడా తీసేశాను" అని ఉంది. ఆవిడ అంతే.

ఇప్పుడు ఆ పరిచయ కోర్సు నేను చెబుతున్నాను, ఇంకో కాలేజీలో. ఏటా జూన్లో అర్హతల కాగితం తిరగరాసి వెబ్‌సైట్లో పెట్టడం నా పని. పిల్లలు సొంత లాప్‌టాప్‌లతో వస్తారు. చెప్పులు ఎవరూ విడవరు. మేం ఒక వారం కూర్చుని చేసిన పోలిక టీ తాగేలోపు అయిపోతుంది. ఈమధ్య రిపోర్టు కూడా యంత్రంతోనే రాయిస్తున్నారు, చదివితే ముత్యాల్లాంటి ఇంగ్లీషు, అడిగితే ఒక్కదానికీ కారణం తెలియదు. ఆ రోజులు బంగారమని నేను అనను. ఆ ఏసీ గదిలో ఒక్కో కంప్యూటరుకి ముగ్గురం కొట్టుకున్నవాళ్ళం. ఈ పిల్లలకి మాకన్నా చాలా వచ్చు. కానీ తీసేసినవి ఎక్కడున్నాయని అడిగితే బిత్తరపోతారు. అందుకే నా కాగితంలో ఆశించేవాటి కింద, చెత్త సంచి తప్పనిసరి అని ఉంటుంది. పేజీల లెక్క దానికి వర్తించదు. మొదట్లో నవ్వుకుంటారు, నవంబరుకల్లా అలవాటవుతుంది. లెక్కలు రాని పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు వస్తారు. వాళ్ళకి షరతు రాసేటప్పుడు మాత్రం, ఈ కాగితం ఇంట్లో చూపించమ్మా అని చెబుతాను.

సాయంత్రం బాజీకి జవాబు చెప్పాలి. నాన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. కాగితం ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు లేకపోయినా పోల్చుకున్నాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు, ఎర్ర సిరా తెలుసు.

"ఓహో. ఇన్నాళ్ళకి బయటికొచ్చిందా" అన్నాడు.

"నీకు దొరికిందా నాన్నా అప్పుడు?"

"దొరక్క? నువ్వు కుట్టిన కుట్టు చూసే అనుకున్నా, ఏదో దాచావని. నమాజుకి పోతూ మెడికల్ షాపు శేషయ్య గారితో చదివించా. తిరిగొచ్చేసరికి నువ్వు చెత్తలో తల దూర్చి ఉన్నావు. నవ్వాపుకోలేక చచ్చాననుకో."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"నువ్వు నాకు చెప్పావా?" అన్నాడు. "నువ్వు దాచుకున్న సొత్తు. నీకిస్తే నాకు తెలిసిందని సిగ్గుపడతావు. పారేస్తే తప్పు. అందుకని చిన్న గుడ్డ సంచిలో పెట్టి, ఎక్కడ దాచావో అక్కడే కుట్టేశా."

"సరే, బూరుగు దూది ఎట్టా కలిపావు? ఎవరి దూది వాళ్ళకేనని నన్ను కొట్టావే?"

నాన్న కాగితం మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడగబోయాను. "వినపడింది" అన్నాడు. "పిల్లని పంపించేస్తారని రాసుంది. ఆ చదువు నేనేమన్నా చెప్పగలనా? మెత్తగా పడుకుంటే కాస్త నిద్రన్నా పడుతుందనుకున్నా. ఇంట్లో బూరుగు దూది నా దిండులోదే ఉంది. వేరే ఎవరిదీ ముట్టుకోలా."

నేను ఆయన భుజం మీది తువాలు వైపు చూశాను. మడతలు పడీ పడీ మధ్యలో పలచబడిపోయింది. మెడ పట్టేస్తుందన్న మాట ఎప్పుడు మొదలైందో అప్పుడు లెక్క కట్టుకున్నాను. ఇంతకాలం ఆ మాట నమ్మి మేమంతా ఊరుకున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. బాజీకి ఫోను చేసి, విడదీయొద్దని చెప్పాను. అలాగే ఏకి, పరుపు కాస్త పలచనైనా ఫరవాలేదు, అందులోంచే ఒక దిండు కుట్టమన్నాను.

రెండు రోజుల తర్వాత బాజీ పరుపు, దిండు, చిన్న గోనెసంచి నిండా చెత్త తెచ్చి దించాడు. నాన్న ముందు సంచిలో చెయ్యి పెట్టి చూసి, తర్వాత దిండు ఒళ్ళో పెట్టుకుని నాలుగు మూలలా నొక్కాడు. "ఏకడం నేర్చుకున్నాడు వెధవ" అన్నాడు, బాజీకి వినపడేలా. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక నాన్న తువాలు మడవలేదు.